కప్పు చప్పుడు

"కండ్లు మూసుకుంటే బొగ్గుబావిల కప్పు కూలకుంట ఆగుతదా బిడ్డా?"

ధ్యానంలో కూర్చున్న రఘుపతి ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

ఎదురుగా అదే ముసలాయన. భుజాన తువ్వాలు, చేతిలో చీపురు. వారం నుంచి గోదావరిఖనిలోని ఈ బుద్ధ మందిరానికి రోజూ వస్తున్నాడు. హాలు ఊడుస్తాడు, చెప్పులు సర్దుతాడు, పోయేముందు రఘుపతిని ఓ మాటతో కదిలిస్తాడు.

రఘుపతి బొగ్గుబావిలో సర్దార్. మనుషులు పనిలోకి దిగేముందు పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందో డొల్లగా ఉందో తేల్చాల్సింది అతనే. నెల కింద, బొగ్గు మోసే బెల్టు ఆపకుండానే తట్టాడు. ఆ రొదలో ఏం వినబడుతుంది? బాగుందనేశాడు. కప్పు కూలి, కొత్తగా చేరిన అంజి చనిపోయాడు.

ఆ పిల్లాడి శవం దగ్గరికి పోవడానికి కూడా రఘుపతికి మొహం చెల్లలేదు. సెలవు పెట్టి ఇక్కడికొచ్చి కూర్చున్నాడు.

"నాకు శాంతి కావాలె కాక. నన్ను ఇడిసిపెట్టు."

"నీకు శాంతి, సరే. నీ కింద పనిచేసే ఎనిమిది మందికి? కొత్త సర్దారుకు ఆ కప్పు సంగతి తెల్వదు."

"అన్నీ ఇడువుమని బుద్ధుడే చెప్పిండు."

ముసలాయన నవ్వాడు. "ఆయన చెట్టుకింద ఎన్నొద్దులు కూసున్నడు? లేచి నలభై అయిదేండ్లు ఊర్లపొంటి తిరిగిండు. నువ్వు చెట్టుకాడనే ఆగినవ్."

రఘుపతికి ఒళ్ళు మండింది. "చెప్పుడు అల్కనే. నీ కొడుకు గట్ల సచ్చి ఉంటే తెలుస్తుండె నీకు."

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

ముసలాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నిజమే బిడ్డా" అని చీపురు మూలకు పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక రఘుపతికి ధ్యానం కుదిరితే ఒట్టు. కళ్ళు మూస్తే ఎనిమిది మొహాలు. మర్నాడు మొదటి షిఫ్టుకే బావిలో దిగాడు.

"బెల్టు బంద్ చెయ్ సర్వర్ భాయ్."

బెల్టు నడిపే సర్వర్ బిత్తరపోయాడు. "టార్గెట్ పోతది భాయ్."

"పోనియ్."

అండర్ మేనేజర్ ఉరికొచ్చాడు. "ఎవరాపమన్నరు?"

"నేనే సార్. ఆనాడు ఆపలే, అంజిని మింగిన. రాసుకోండ్రి. ఇయ్యాల మాత్రం నేను చప్పుడు వినేదాంక బెల్టు తిరగదు."

కర్రెత్తి తట్టాడు. ఒకచోట ఖణేలుమంది. రెండోచోట ఖాళీ కుండలా పలికింది.

"అందరు బయటికి నడువుండ్రి."

ఎనిమిది మందీ ఇవతలికొచ్చిన పావుగంటకు కప్పు కూలింది. ఎవరి మీదా దుమ్ము తప్ప ఏమీ పడలేదు. రఘుపతి అక్కడే కూలబడి, నెల రోజులుగా రాని ఏడుపంతా ఏడ్చాడు.

షిఫ్టు దిగి, బొగ్గు మొహంతోనే మందిరానికి పరుగెత్తాడు. ముసలాయన కాళ్ళు పట్టుకోవాలి.

ఆయన లేడు. మందిరం బాగోగులు చూసే సంధ్యారాణి హాలు ఊడుస్తోంది.

"కాక ఏడి చెల్లె?"

"పోయిండన్న. నువ్వు డ్యూటీకి దిగినవని పొద్దుగాల తెలిసింది. ఇగ నాకిక్కడ పని లేదని బస్సెక్కిండు. మళ్ళ రాడట."

"ఏ ఊరు ఆయనది? ఎవలాయన?"

ఆమె ఊడవడం ఆపింది.

"చెప్పొద్దన్నడు గాని... ఆయన అంజి వాళ్ళ నాయిన."