కుడివైపు వెనక చక్రం

"దెబ్బ తిన్న బండిని కడిగి తెచ్చినవేంది?" అని మాణిక్ చేతిలోని పానా నేలకేసి కొట్టాడు.

జీపు బస్వరాజ్‌దే, నడిపేదీ బస్వరాజే. అతను తల దించుకున్నాడు. "మస్తు బురదుండె మిస్త్రీ. గలీజుగుంటదని కడిగిన."

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద షెడ్డు పెట్టిన ఈ పదేళ్లలో మాణిక్ ఈ ముక్క ఎంతమందికి చెప్పి ఉంటాడో! గుద్దుకున్న బండిని దుమ్ము తుడవకుండా తేవాలి. దుమ్ము రాలిన చోట ఇనుము అదిరి ఉంటుంది. ఆయిలు చెమ్మ తేలిన చోట పగిలి ఉంటుంది. కడిగేస్తే ఇక డ్రైవరు మాటే దిక్కు.

"ఏడ తగిలింది?"

"నిన్న కోహీర్ రోడ్డు కల్వర్టు కాడ. రాయి కిందికెళ్లి కొట్టింది. నడుమ షాఫ్టుకు."

"ఇంకేడ తగల్లే?"

"ఇంకేడ లేదు."

మాణిక్ గొణుక్కుంటూ జీపు కింద దూరాడు. ఇంజిను నుంచి వెనక చక్రాలకు పోయే పొడవాటి షాఫ్టు నిజంగానే వంగింది. దాని జాయింటు సగం విరిగింది. షెడ్డులో ఉన్న పాత షాఫ్టు ఎక్కించి, కొత్త జాయింటు వేసి, రోడ్డు మీద కొంతదూరం తిప్పి చూశాడు. చప్పుడు పోయింది.

పన్నెండింటికి రాయికోడ్ ట్రిప్పు. మాణిక్ భార్య బీరమ్మ అందులోనే పుట్టింటికి పోవాలని గంప పట్టుకుని వచ్చి కూర్చుంది. మిగతావాళ్లను పిలుచుకురావడానికి బస్వరాజ్ బస్టాండుకు పోయాడు.

అప్పుడు వచ్చాడు ఆ ముసలాయన.

అంత ఎండలో గొంగడి కప్పుకుని, తూలుతూ వచ్చాడు. షెడ్డు పక్కనే కల్లు దుకాణం. తూలుతూ వచ్చేవాళ్లంటే మాణిక్‌కు ఒళ్లు మంట.

"మిస్త్రీ, ఈ జీపు కుడిదిక్కు ఎనక చక్రం విప్పి చూసినవా?"

"అడగనీకి నువ్వెవరు?"

"ఆ చక్రం రాయి మీదికెక్కి దబ్బున పడ్డది. పడ్డకాడికెళ్లి ఊగుకుంటనే పోయింది. లోపట ఇరుసు రాడు పగిలుంటది."

"నీకెట్ల ఎరుక?"

"చూసిన. ఆడనే ఉంటి."

"తాగి రోడ్డు పక్కన పడుంటివా?"

ముసలాయన గొంగడి దగ్గరికి లాక్కున్నాడు. "నా సంగతి వదిలెయ్యి. మంది ఎక్కుతరు బిడ్డా. జర జాకీ ఎత్తి చూడు."

మాణిక్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. తన షెడ్డులో, తన భార్య ముందు, ఒక తాగుబోతు తనకు పని నేర్పుతున్నాడు. ఆయన దగ్గర కల్లు వాసన వచ్చిందో లేదో మాత్రం చూసుకోలేదు.

"పెద్దమనిషి అంతగనం చెప్తుండు, జర చూడరాదుండ్రి" అంది బీరమ్మ.

ముసలాయన ఆమె వైపు తిరిగాడు. "నువ్వు ఎక్కకు తల్లీ."

అంతే, మాణిక్ ఆయన భుజం పట్టి నెట్టేశాడు. ముసలాయన పక్కకు పడ్డాడు. డొక్క పట్టుకుని కాసేపు అలాగే కూర్చుని, లేచి, రోడ్డు వెంట పోయాడు.

"నేను చేసిన బండి. ఫికర్ లేకుంట పో" అన్నాడు మాణిక్ భార్యతో.

నిజానికి జాకీ ఎత్తి ఆ చక్రం విప్పడానికి పావుగంట చాలు. ఇంకెవరు చెప్పినా విప్పి చూసేవాడేమో. ఆయన చెప్పాడు కాబట్టే విప్పలేదు.

జీపు రాయికోడ్ చేరలేదు. సగం దారిలో కుడివైపు వెనక చక్రం విరిగిన రాడుతో సహా ఊడి జొన్నచేలో పడింది. తొమ్మిది మందితో జీపు బోల్తా కొట్టింది. బీరమ్మ కాలు రెండు చోట్ల విరిగింది. ఒక అవ్వకు ఇంకా తెలివి రాలేదు.

దవాఖాన వరండాలో మాణిక్ బస్వరాజ్ కాలరు పట్టుకుని గోడకు నొక్కాడు.

"కల్వర్టు ఒక్కటే అన్నవు గదరా. చక్రం రాయెక్కిందని ఎందుకు చెప్పలే? నా ఆడమనిషి కాలు పోయింది."

నలుగురు వచ్చి విడిపించారు. మాణిక్ కోపం తగ్గలేదు. బస్వరాజ్ మీద కోపం. అతని మాట నమ్మి షాఫ్టు ఒక్కటే చూసిన తన మీద కోపం. అంత తెలిసీ గట్టిగా పట్టుబట్టని ఆ తాగుబోతు మీద కూడా కోపం.

బీరమ్మను చూద్దామని లోపలికి పోతుంటే, తలుపు దగ్గరి మంచం మీద ఆ తాగుబోతే కనిపించాడు. నర్సు అనంతమ్మ ఆయన ముఖం మీదికి దుప్పటి లాగుతోంది.

మాణిక్ ఆగిపోయాడు. "ఈయనకేమైంది? పొద్దున నా షెడ్డుకొచ్చి లొల్లి పెట్టిండు. తాగుడెక్కువైందా?"

అనంతమ్మ చేతిలోని దుప్పటి వదలకుండానే తల తిప్పింది.

"తాగుడేంది? నిన్న మాపటి సంది గుక్కెడు నీళ్లు సుత దిగలే ఈ నర్సప్పకు. పక్కబొక్కలు ఇరిగినయి, లేస్తే సస్తవని చెప్పిన. ఇంటెనా? మేం చూడంగ చూడంగనే మంచం దిగిండు. ఆ జీపు ఎవ్వలి షెడ్డుల ఉన్నదో అడుక్కుంట పోయిండు."

"ఈయనకెందుకు ఆ జీపు సంగతి?"

"నిన్న కోహీర్ రోడ్డు మీద ఆ జీపు గుద్దేసి ఆగకుంట పోయింది ఈయన ఎడ్లబండినే."