బూట్ల దగ్గర పది నిమిషాలు

ఆ రోజు కూడా గంట కొట్టి పది నిమిషాలైనా పిల్లలు లోపలికి రాలేదు.

టీచరు గుమ్మం దాకా వెళ్ళి చూసింది.

బూట్లు విప్పే ముసలి ఆయా ఎప్పటిలాగే పీట వేసుక్కూచుని, ఒక బూటు చేత్తో పట్టుకుని పిల్లలతో కబుర్లాడుతోంది. వరుసలో ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు.

పిల్లలు ఆవిడని బూట్లమ్మమ్మ అంటారు.

ఆ తరగతిలో పలకల్లేవు. పిల్లలు ఏం అడిగితే అదే ఆ రోజు పాఠం. మంచులో ఉండేవాళ్ళు బూట్లు దేంతో కుట్టుకుంటారని ఒకరు, ఎడారిలో పిల్లలకి కాళ్ళు కాలవా అని ఇంకొకరు అడిగేవారు. టీచరు గ్లోబూ, బొమ్మలూ ముందేసుకుని వాళ్ళు ఎటు లాగితే అటు వెళ్ళేది. నాలుగేళ్ళ వాళ్ళకి ఇన్ని ప్రశ్నలెలా పుడతాయని చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు.

హెడ్మాస్టరుకి మాత్రం ఇదంతా కాలక్షేపం. శుక్రవారం తనే వచ్చి కూచుంటాననీ, పిల్లలు నోరు విప్పకపోతే సోమవారం నుంచి అక్షరాలు దిద్దించాలనీ తేల్చేశాడు.

శుక్రవారం ఒక్క నిమిషం వృథా కాకూడదు. టీచరు ఆఫీసుకి వెళ్ళి, ఆయాని మార్చమని అడిగింది.

గురువారం సాయంత్రమే ఆవిణ్ణి ఇంక రావద్దన్నారు. పీట గోడకి ఆనించి వెళ్ళిపోయిందట.

శుక్రవారం కొత్త ఆయా రెండు నిమిషాల్లో అందరి బూట్లూ లాగేసింది.

పిల్లలు చాప మీద, హెడ్మాస్టరు వెనక కుర్చీలో కూచున్నారు.

"ఇవాళ ఏం తెలుసుకుందాం?" అంది టీచరు.

ఎవరూ పలకలేదు. ఒకడు కాలివేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు.

మళ్ళీ అడిగింది. గ్లోబు తిప్పింది. అది తిరిగి తిరిగి ఆగింది.

హెడ్మాస్టరు లేచి, సోమవారం పలకలు పంపిస్తానని నెమ్మదిగానే చెప్పి వెళ్ళాడు.

టీచరు చాప మీదే కూలబడింది.

"రోజూ నా ప్రాణం తోడేసేవారు కదర్రా. ఇవాళేమైంది?"

రెండు జడల పిల్ల దగ్గరికి జరిగింది.

"బూట్లమ్మమ్మ ఏదీ?"

"ఇంక రాదమ్మా."

"మరి మిమ్మల్నడిగి ఎవరికి చెప్పాలి?"

టీచరుకి అర్థం కాలేదు. ఆ పిల్లే విడమరిచింది. బూట్లు విప్పుతూ అమ్మమ్మ ఒక్కొక్కరినీ రోజుకో మాట అడుగుతుందట. తనకి తెలియదు, లోపల కనుక్కుని రమ్మంటుందట. సాయంత్రం బూట్లు తొడుగుతూ అంతా చెప్పించుకుంటుందట.

"ఇవన్నీ నీకెందుకు అమ్మమ్మా అంటే, చిన్నప్పుడు తనని బళ్ళో వెయ్యలేదని చెప్పింది, టీచర్."

టీచరు గోడకి ఆనించిన పీట వైపు చూసింది.

ఏడాదిగా తను పాఠం చెప్పింది హాజరుపట్టీలో పేరు లేని ఒక విద్యార్థినికి. ఆ విద్యార్థిని చేత నిన్న తనే బడి మాన్పించింది.