మునెమ్మ అడిగిన మాటలు

నౌషీన్ చేతికి తొడిగిన గాజు మోచేతి దాకా జారిపోయింది.

గాజులామె చెయ్యి ఆపింది.

"పోయిన తూరి ఈ సైజే సబ్బు రుద్దితే గానీ ఎక్కలేదు కదా పాపా! ఏడో నెల్లో ఒళ్ళు రావాల్సింది పోయి ఇట్ల చిక్కిపోతే ఎట్లమ్మా?"

మూడు నెలలుగా ఆ పిల్ల ఎవరితోనూ సరిగా పలకడం లేదు.

ప్రొద్దుటూరులో అజ్మత్ బీ ఇంట్లో ఆ రోజు కోడలికి ఏడో నెల గాజుల వేడుక. వరండా నిండా చుట్టాలు. పిల్ల ముఖంలో మాత్రం పండగ లేదు.

గాజులామె గొంతు తగ్గించింది.

"ముందు కడుపేమన్నా పోయిందా తల్లీ?"

"ఒకటి పోయింది. నాలుగో నెల్లో."

"మొగుడు యాడుండాడు?"

"కువైట్లో."

"అమ్మ?"

"ల్యాదు."

"నిద్ర పడతాందా? ఎందుకీ బతుకని అనిపిస్తాందా?"

నౌషీన్ కళ్ళు నిండాయి. మెల్లగా తల ఊపింది.

అజ్మత్ బీ అది చూసింది.

"ఏందమ్మా, గాజులు తొడగమంటే జనాభా లెక్కలు రాస్తాండావు?"

గాజులామె లేచి ఆమెను పక్కకు పిలిచింది.

"అక్కా, కోపం చేసుకోవద్దు. ఈ పిల్ల మనసు బాగల్యాదు. గాజులు రేపైనా తొడుక్కోవచ్చు. ఈ పొద్దే పెద్దాస్పత్రికి పిల్చుకపో. మనసుకు మందిచ్చే డాక్టరమ్మ ఉండాది ఆడ."

అంతే! అజ్మత్ బీకి ఒళ్ళు మండింది.

"నా కోడల్ని పిచ్చిదంటావా? నేను ఐదుగుర్ని కన్నా. ఒక్కనాడన్నా ఇట్ల మూతి ముడుచుకుని కూర్చున్నానా?"

"అందరూ ఒక్క మాదిరి ఉండరక్కా..."

"లెయ్! నీ మలారం ఎత్తుకో! దిష్టి నీ కంట్లోనే ఉండాది!"

గాజులామె దుడ్లు కూడా అడగలేదు. గాజుల మలారం భుజాన వేసుకుంది.

"నన్ను తిట్టుకో అక్కా. పిల్లను మాత్రం ఒంటిగా పండుకోనీవద్దు" అని మెట్లు దిగింది.

అజ్మత్ బీ అంతటితో ఊరుకుందా? ఊరుకుంటే ఆమె అజ్మత్ బీ ఎందుకవుతుంది! ఆ గాజులామెను గడప తొక్కనీయొద్దని వీధి వీధంతా తిరిగి చెప్పింది.

చెడ్డ మనిషేం కాదు లెండి. కోడలికి దర్గాలో తాయెత్తు కట్టించింది. ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. "చూసినారా, ఎంత దిష్టి కొట్టిందో!" అంది. ఆమెకు తెలిసిన రోగాలు రెండే. ఒకటి జ్వరం, రెండోది దిష్టి.

పది రోజులకు నౌషీన్ అన్నం మానేసింది. పదకొండో రోజు పొద్దున్నే అత్త ముందు నిలబడింది.

"నాకు బతకాలని ల్యాదత్తా."

అజ్మత్ బీ ఉన్నపళంగా ఆటో పిలిచింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ నౌషీన్ పక్కనే కూర్చుని ఒక్కొక్కటే అడిగింది. ముందు గర్భం పోయిందా? భర్త ఎక్కడ? అమ్మ ఉందా? నిద్ర పడుతోందా?

"ఇవే మాటలు గాజులామె అడిగింది డాక్టరమ్మా!" అంది అజ్మత్ బీ.

"అప్పుడే తీసుకొచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఇది పిచ్చీ కాదు, దిష్టీ కాదు. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే డిప్రెషన్. ముందొక గర్భం పోయినవాళ్ళకు, భర్త దగ్గర లేనివాళ్ళకు, మనసులో మాట చెప్పుకోడానికి మనిషి లేనివాళ్ళకు ఎక్కువగా వస్తుంది."

"నేనుండాను కదమ్మా ఇంట్లో!"

"ఉన్నారు. ఎట్లుండావని ఎప్పుడైనా అడిగారా?"

బిడ్డ ఎనిమిదో నెలలోనే పుట్టింది. పద్దెనిమిది రోజులు అద్దాల పెట్టెలో ఉంచి బతికించారు. నౌషీన్ మొగుడు కమాల్ బాషా కువైట్ వదిలి వచ్చాడు. మందులతో, డాక్టరమ్మ మాటలతో, పక్కన మొగుడి తోడుతో నౌషీన్ మెల్లగా మళ్ళీ మనిషైంది.

ఒకనాడు బిడ్డకు పాలిస్తూ అడిగింది.

"అత్తా, ఆ గాజులామె మళ్ళా రాదా?"

ఎట్లొస్తుంది పాపం! తలుపులన్నీ మూయించింది ఎవరు?

మర్నాడే అజ్మత్ బీ బజారులో నాలుగు గాజుల అంగళ్ళు తిరిగి ఆరా తీసింది. ఆమె పేరు మునెమ్మ అని, ఊరు జమ్మలమడుగు పక్క పల్లె అని అప్పుడే తెలిసింది. షేర్ ఆటో ఎక్కి పోయింది.

గొర్రెల దొడ్డి దగ్గర ఒక ముసలాయన తడిక కడుతున్నాడు.

"గాజుల మునెమ్మ ఇల్లు ఇదేనా అప్పా?"

"ఇదేనమ్మా. నేను ఆమె మొగుణ్ణి, గంగులయ్య. ఆమె పోయి నెల కావస్తాంది. గుండె ఆగిపోయింది."

అజ్మత్ బీ అక్కడే మట్టిలో కూలబడింది.

"అయ్యో! కాళ్ళు పట్టుకుందామని వస్తినప్పా! నా కోడల్ని కాపాడాలని చూసిన మనిషిని మెడబట్టి గెంటినట్ల గెంటితిని."

"మీ ఇల్లొక్కటే కాదులేమ్మా. శానా ఇండ్లల్లో గెంటినారు. అయినా పొయ్యేది. మాది గొర్లు మేపే ఇల్లు, గాజులమ్మడం మా తాతల్నాడు కూడా ల్యాదు. కడుపుతో ఉండే పిల్లల పక్కన కూర్చోని, చెయ్యి పట్టుకోని మాట్లాడాలంటే ఇంకేం దారుందని నాలుగేండ్ల కిందట మలారం ఎత్తుకునింది."

అజ్మత్ బీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"తెలుస్తాందప్పా. కడుపుతో ఉండే కూతుర్ని పోగొట్టుకున్న తల్లికే అంత నొప్పి ఉంటాది."

గంగులయ్య తడికకు ఇంకో ముడి వేశాడు.

"మాకు కూతుర్లు ల్యారమ్మా. ఏడో నెల్లో పానం తీసుకునింది మా కోడలు. పని చెయ్యల్యాక నాటకాలాడతాందని ఆ పిల్లను దినామూ తిట్టిపోసిన అత్త, మా మునెమ్మే."