మూడు పేర్లు, ఒకే రేవు

"ముగ్గురు సప్లయర్లున్నారు కదమ్మా మనకి. ఇంకొకడెందుకు?" అన్నాడు జగ్గారావు, మాడుగుల హల్వా నములుతూ.

ఆ హల్వా పంపింది గంగాధరరావు. ఆ ముగ్గురు సప్లయర్లలో పెద్దవాడు. సంగతి ఆఫీసంతటికీ తెలుసు. పరవాడలోని ఆ మందుల కంపెనీకి జగ్గారావు పర్చేజ్ మేనేజరు. ఆయన కింద పనిచేసే మహేశ్వరికి ఆ నేతి వాసన తగులుతుంటే ఒళ్లు మండిపోతోంది.

"ముగ్గురు కాదు సార్, ఒక్కడే" అంటూ లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది.

దిగుమతుల డేటా. ఎవరి సరుకు, ఏ దేశం నుంచి, ఏ రేటుకి దిగిందో చెప్పే డేటా. కంపెనీ చందా కట్టి మరీ తీసుకుంది, తెరిచి చూసే ఓపికే ఎవరికీ లేకపోయింది. మహేశ్వరి చూసింది. ఫిట్స్ మాత్రలకి కావలసిన ముడిసరుకుని ఆ ముగ్గురూ మూడు వేరే వేరే కంపెనీల పేర్ల మీద తెప్పిస్తున్నారు. బయల్దేరేది మాత్రం చైనాలో ఒకే రేవు నుంచి, ఒకే బరువున్న డ్రమ్ముల్లో.

"ఆ ఫ్యాక్టరీ మూతపడిందంటే మనకి ముడిసరుకే ఉండదు సార్. ఈ మాత్ర ఆగితే చిన్నపిల్లలు ఎక్కడివాళ్లక్కడ పడిపోతారు."

జగ్గారావు చెయ్యి తుడుచుకున్నాడు. "రేవొకటైతే ఫ్యాక్టరీ ఒకటే అనేసుకుంటావేటి? మన వైజాగ్ పోర్టు నుంచి ఎంతమంది సరుకెల్తాది? అందరూ ఒక్కడే అంటామా? రుజువు తే."

సాయంత్రం కంపెనీ బస్సులో పక్క సీట్లో కూర్చున్న అకౌంట్స్ సాయిశంకర్ నవ్వాడు. "హల్వా తిన్న నోరు గంగాధరరావుకి ఎదురు చెప్పదు. నువ్వెందుకు బుర్ర పాడుచేసుకుంటావ్?"

మహేశ్వరి దువ్వాడలో దిగిపోయింది. కానీ ఆ పిల్ల మొండిది. కాదన్న కొద్దీ పట్టు బిగించే రకం. పాత లెక్కలన్నీ తవ్వింది. ఒక వానాకాలంలో ముగ్గురి సరుకూ ఒక్కసారే ఆగిపోయింది, మళ్లీ ఒక్కసారే మొదలైంది. అదే రేవు నుంచి మిగతావాళ్ల ఓడలు మాత్రం ఎప్పటిలాగే తిరిగాయి.

"రేవు ఆగలేదు సార్, ఫ్యాక్టరీ ఆగింది. ముగ్గురిదీ అదే ఫ్యాక్టరీ."

జగ్గారావు ఆ లెక్కలు తిరగేశాడు. మెచ్చుకుంటాడనుకుంది.

"సరే. మరింకెవడిస్తాడు? ఊరూ పేరూ లేనోడి సరుకు తెచ్చి నెత్తిమీదెట్టుకోమంటావా?"

మహేశ్వరికి ఏడుపొచ్చినంత పనైంది. మళ్లీ వెళ్లి ఆ డేటా ముందు కూర్చుంది. గుజరాత్‌లో ఒక చిన్న కంపెనీ ఏడాది పొడుగునా స్పెయిన్ నుంచి అదే ముడిసరుకు తెప్పించుకుంటోంది. ఆగింది లేదు, వెనక్కి పంపింది లేదు. రేటే ఎక్కువ.

"ఈ రేటు సూసేవా? నన్ను ఉజ్జోగంలోంచి పీకించేద్దామనా?" అన్నాడు జగ్గారావు. "కొంతే కొంటే ఎంతవుద్ది, సరుకాగిపోతే ఎంత పోద్ది, రెండూ పక్కపక్కనెట్టి రా."

ఈసారి తలుపు కాస్త గట్టిగానే వేసి వెళ్లింది. అయినా ఆ లెక్కా కట్టి తెచ్చింది. జగ్గారావు చదివాడు, మళ్లీ చదివాడు, ఇంకో ప్రశ్న దొరక్క కాబోలు, ఎండీ గారి మీటింగులో పెట్టించాడు.

మీటింగులో సాయిశంకర్ ఎగిరాడు. ముగ్గురుండగా నాలుగోవాడెందుకన్నాడు. రేవొకటైతే ఏమైందన్నాడు. స్పెయిన్‌వాణ్ణి ఎలా నమ్ముతామన్నాడు. రేటు చూసి తల పట్టుకున్నాడు. మహేశ్వరి అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పింది. అడిగింది అడిగినట్టు స్క్రీన్ మీద చూపించింది. సాయిశంకర్ చివరికి నీళ్లు తాగి కూర్చున్నాడు.

ఎండీ పక్కకి తిరిగాడు. "జగ్గారావూ, నువ్వేమంటావ్?"

"నానేటీ అన్ను సార్. ఆ పిల్లనే అడగండి."

కనీసం అవునని అనలేదు. పై అధికారి అన్నవాడు అలాగేనా నిలబడేది అని మహేశ్వరి మనసు చివుక్కుమంది. కానీ ఎండీ ఒప్పుకున్నాడు. శాంపిళ్లొచ్చాయి, పరీక్షలయ్యాయి, స్పెయిన్ సరుకు గోడౌన్‌కి చేరింది.

ఆ తర్వాత చైనా ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. గంగాధరరావు ఫోను తియ్యడం మానేశాడు. మిగతా ఇద్దరూ అంతే. ఆ మాత్ర చేసే కంపెనీలు ఒక్కొక్కటే చేతులెత్తేశాయి. మందుల షాపుల వాళ్లు ఎక్కడెక్కడినుంచో ఫోన్లు చేసి బతిమాలుతున్నారు. పరవాడలో మాత్రం మెషీన్లు ఆగలేదు. స్ట్రిప్పులు టకటకా రాలి పడుతూనే ఉన్నాయి.

ఎండీ అందరి ముందూ మహేశ్వరికి శాలువా కప్పాడు. సాయిశంకరే ముందుగా చప్పట్లు కొట్టాడు. ఈ పిల్ల లేకపోతే ఏమైపోయేవాళ్లమో అని ఆ రోజు క్యాంటీన్లో అనుకోనివాళ్లు లేరు.

మహేశ్వరి మాత్రం నేరుగా జగ్గారావు గదికి వెళ్లింది. ఆయన మీద కోపం ఇంకా చల్లారలేదు.

"ఒక్కమాట అడుగుతాను సార్. మొదటిరోజే మీరు సరే అనుంటే ఏం పోయేది? అన్నిసార్లు ఎందుకు తిప్పారు?"

"మీటింగులో నిన్నడిగిన ప్రశ్నల్లో నాను ముందే అడగంది ఒకటుందా?"

మహేశ్వరి ఆలోచించింది. లేదు. ఒక్కటీ లేదు.

"మరి మీరే నా పక్కన నిలబడి చెప్పొచ్చు కదా సార్. ఎండీ గారు మీ మాట తీసెయ్యరు."

"తీసేస్తారమ్మా. నా ఇంటి సంగతి ఆయనకి తెలుసు. నాను నోరిప్పితే, జగ్గారావు సొంత అవసరానికి కంపెనీ చేత ఎక్కువ రేటుకి కొనిపిస్తన్నాడనుకునీవోరు. నీ మాట నిలబడాలంటే నాను పక్కకి తప్పుకోవాలి."

"మీకేం అవసరం సార్?"

జగ్గారావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆ మాత్ర మా పాప వేసుకుంటాదమ్మా."