రిజిస్టరులో మచ్చ

ఆ ఉదయం సముద్రం వైపు ఆకాశం నల్లగా కమ్ముకుంది. చినుకు రాలలేదు. ఆకు కదలలేదు.

"ఆ పుస్తకం లేదమ్మా. రెండేళ్లుగా బయటే ఉంది," అన్నారు ఊరి లైబ్రరీకి కొత్తగా బదిలీ మీద వచ్చిన పద్మనాభయ్య.

సాహిరా నీరుగారిపోయింది. కాలేజీలో జెండర్ స్టడీస్ ప్రాజెక్టు సోమవారం ఇచ్చేయాలి. ఈ ఊరి రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడవాళ్ల మీద వచ్చిన పుస్తకం అదొక్కటే. నెల్లూరంతా వెతికినా దొరకలేదు.

"అందులో ఏముంది సార్?"

"నేనూ చూళ్లా. నాకు ముందున్నాయన చెప్పినాడు. ఎవరో పరిశోధన వాళ్లొచ్చి ఆడోళ్లను కూర్చోబెట్టి మాట్లాడించినారంట. షెడ్డులో మేస్త్రి తిట్లు, ఇంట్లో మొగుడి దెబ్బలు, అన్నీ చెప్పుకున్నారంట. పేర్లు మార్చకుండా అచ్చేసినారు. పైగా అట్ట మీద వాళ్ల ఫోటో ఒకటి!"

ఆయన రిజిస్టరు తిప్పి ఒకచోట వేలు పెట్టారు.

"ఇదిగో, షేక్ సైదావలి. రోజూ పేపరు చదివేదానికి వస్తాడే, ఆయనే. నీకు తెలుసా?"

"మా నాయన," అంది సాహిరా.

పేరు పక్కన నీలి సిరా మచ్చ. మచ్చకు అడ్డంగా తెల్లటి గీత. ఆమె ఇంకేమీ చూడలేకపోయింది. ఆ షెడ్డు మేస్త్రి సైదావలే. పోయిన వారమే షెడ్డు ఆడవాళ్ల మీద ఆమె రాసుకున్న నోట్సు పొయ్యిలో పెట్టాడు. ఇంకో కాగితం కనపడితే చదువు బంద్ అన్నాడు.

"రేపు పేపరుకు వస్తాడు గదా, నేనే అడుగుతాలే."

"వద్దు సార్! మీకు దండం పెడతా, అడగబాకండి. నేనే తెస్తా."

ఇంటికొచ్చేసరికి నాయన లేడు. ఆయన రేకుపెట్టె తెరిచింది. చొక్కాలు, పాత రసీదులు, హాజరు పుస్తకాలు. అది లేదు. కాల్చేసుంటాడు. మేస్త్రి అని ఆయన పేరే ఉంటుంది అందులో.

"ఏం వెతుకుతుండావే?" వాకిట్లో అమ్మ హజరాబీ.

సాహిరా మెల్లగా చెప్పింది. హజరాబీ చేతిలోని అన్నం గిన్నె కింద పెట్టింది.

"దాని జోలికి పోబాక. ఇంకోటి చూసుకో."

"ఇంకోటి లేదమ్మా. ఇది లేకపోతే ఫెయిలే."

"ఫెయిలైతే అవు."

అమ్మ అలా మాట్లాడగా సాహిరా ఎన్నడూ వినలేదు. ఇంకేదో అడగబోయేలోగా బయట మోటారు సైకిలు ఆగింది.

సైదావలి గుమ్మంలోనే నిలబడి తెరిచిన పెట్టెను చూశాడు.

"నా పెట్టె ఎవరు తీసినారు?"

సాహిరా పెట్టె మూత మెల్లగా వేసింది.

"నిన్నే. నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా?"

"లైబ్రరీ పుస్తకం నాయనా... నీ పేరు మీద రాసుండారు..."

"నా పేరు మీదా?" ఒక అడుగు లోపలికి వేశాడు. "పేపరు తప్ప పుస్తకం ముట్టినానా నేను ఏనాడన్నా? నేనే తీసుకునుంటే నా సంతకం ఉండాల. ఉందా?"

సాహిరాకు రిజిస్టరు కళ్ల ముందు కదిలింది. సంతకం ఉండాల్సిన చోట బొటనవేలంత నీలి మచ్చ. అడ్డంగా గీత.

"చెప్పు. ఉందా, లేదా?"

"సరిగ్గా చూళ్లేదు నాయనా. వేరే సైదావలేమో. ఊర్లో ముగ్గురుండారు గదా."

ఆయన చాలాసేపు కూతురి ముఖంలోకే చూశాడు.

"రేపు పేపరుకు పోతా గదా, నేనే చూస్తా. అన్నం పెట్టండి."

ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. చేపల పులుసు వాసనతో ఇల్లు నిండింది. హజరాబీ ఎడమచేత్తో పళ్లెం అంచు పట్టుకుని కూతురికి అన్నం పెట్టింది. వెనక్కి తీసుకున్న ఆ చేతి బొటనవేలి లోపలి వైపు అడ్డంగా, షెడ్డుకు పోయే రోజుల్లో రొయ్యల కత్తి చేసిన గాటు తెల్లగా ఉంది.