మేడ మీది మూడో పెట్టె

“నెట్ మళ్ళీ ఎందుకు పోయింది?” అన్నారు గోపాలకృష్ణంరాజు, తబిత స్కూటీకి స్టాండు వేయకముందే.

“చూస్తేగాని చెప్పలేనండి, రాజుగారూ.”

“ముందొచ్చిన గణేష్‌బాబూ ఇదే అన్నాడు. మళ్ళీ మా గుమ్మం తొక్కొద్దని చెప్పి పంపేశాను.”

తబిత బ్యాగు తీసుకుని లోపలికి నడిచింది. ఆమె నరసాపురంలోని నెట్ కంపెనీ ఆఫీసు నుంచి మొగల్తూరు చేరేసరికే మూడు దాటింది. నాలుగింటికి ఆ ఇంటి కోడలు నాగశ్రీకి ఆఫీసు మీటింగు. ఒక ఇన్సూరెన్సు కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తుంది. మీటింగు జరిగినంతసేపూ కెమెరా ఆన్‌లో ఉండాలని వాళ్ళ రూలు. ఈ నెలలో తొమ్మిదిసార్లు నాగశ్రీ మధ్యలో మాయమైంది. ఇవాళ కూడా అలా జరిగితే వేరే మనిషిని చూసుకుంటామని మేనేజరు పొద్దున్నే మెయిల్ పెట్టాడు.

రాజుగారి చెరువులో వరసగా రెండు పంటలు రొయ్యలు చచ్చిపోయాయి. ఏడాదిగా ఇల్లు నడుస్తున్నది నాగశ్రీ జీతంతోనే. ఆ సంగతి రాజుగారు బయట అనరు. “కోడలిచేత ఉద్యోగం చేయిస్తున్న ఇల్లు మా చుట్టాల్లో మాదొక్కటే” అని మాత్రం అంటారు.

వైఫై పెట్టెలు మూడున్నాయి. హాల్లో మొదటిది, మెట్ల దగ్గర రెండోది, మేడ మీద నాగశ్రీ గదిలో మూడోది. ఒకదాన్నుంచి ఒకటి సిగ్నల్ అందుకుంటాయి.

“మొదట్లో హాల్లో ఒక్కటే ఉండేది,” అన్నారు రాజుగారు. “నాగశ్రీ ఇక్కడే పని చేసుకునేది. ఇక్కడా పోయేది. మేడ మీదైతే బాగుంటుందని ఈ మూడూ కొని పెట్టించాను. అక్కడా పోతోంది.”

“ఏ టైములో పోతోందండి?”

“పొద్దున పదకొండుకి. సాయంత్రం నాలుగు దాటాక. పోయినప్పుడల్లా అటూ ఇటూగా అప్పుడే.”

టైము ప్రకారం పోతోందంటే ఆ టైముకి ఇంట్లో ఏదో ఆన్ అవుతున్నట్టు లెక్క. తబిత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది.

“అప్పుడు నీళ్ళ మోటారు వేస్తారా?”

“పొద్దున ఆరింటికే వేసేస్తాం.”

“మైక్రోవేవ్ ఉందాండి?”

“ఉంది. దాని ప్లగ్గు నేనే పీకేశాను. ఆర్నెల్లయింది.”

“పక్కింట్లో వైఫై?”

“పక్కిల్లు మా తమ్ముడిది. నా నెట్టే వాడుకునేవాడు. పాస్‌వర్డ్ మార్చేశాను.”

“ఆయనేం అన్లేదాండి?”

“ఏమో. మాటలు కూడా మానేశాను.”

మెట్ల దగ్గరి పెట్టె ఇనప బీరువా వెనకాల ఉంది. తబిత దాన్ని బయటికి తీసి గోడకి ఎత్తుగా బిగించింది. మేడ మీది పెట్టెకి ప్లగ్గు వదులుగా ఉంటే మార్చింది. మూడింటికీ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. నాగశ్రీ గుమ్మం పక్కన నిలబడి చూస్తోంది. అడిగితే తప్ప మాట్లాడటం లేదు.

తబిత ఫోన్‌లో లాగ్ తెరిచింది. ఏ పెట్టె ఎప్పుడు ఆగిందో నిమిషాలతో సహా అందులో ఉంటుంది. పైనుంచి కిందకి రెండుసార్లు చూసింది.

“ఇప్పుడు నేను ఆపింది తప్పిస్తే, పన్నెండు రోజుల్నుంచి ఒక్కసారి కూడా ఆగలేదండి.”

“అంటే మా కోడలు అబద్ధం ఆడుతోందా?”

“నేనలా అన్లేదండి.”

“మీ లాగ్ అంటోందిగా.” రాజుగారు కోడలివైపు తిరిగారు. “నిన్న పోయిందా, లేదా?”

“పోయిందండి,” అంది నాగశ్రీ.

పని తప్పించుకోడానికి నెట్ మీదికి తోసేసేవాళ్ళని తబిత చాలామందిని చూసింది. ఈవిడా ఆ బాపతేనేమో అనుకుంది. కానీ ఉద్యోగం వద్దనుకునే మనిషి ముప్పావుగంట ముందే ఛార్జర్ తగిలించి, చెప్పాల్సినవన్నీ కాగితం మీద రాసుకుని, దాన్ని పెదాలు కదుపుతూ చదువుకోదు.

“మీరు చూసినప్పుడు పెట్టె మీద లైటు ఏ రంగులో ఉంటోందండి?” అని రాజుగారిని అడిగింది.

“తెల్లగానే ఉంటోంది. చెరువు దగ్గర్నుంచి రాగానే చూస్తాను. టీ తాగాక మళ్ళీ చూస్తాను. లైటుంటుంది, నెట్టుండదు. అదేం యంత్రమో మీకే తెలియాలి.”

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా నాగశ్రీ పైకెళ్ళింది. తబిత హాల్లో కూర్చుంది. ఫోన్‌లో మూడు పెట్టెలకీ మూడు పచ్చ చుక్కలు. నాలుగయింది. ఐదు నిమిషాలు గడిచాయి. పైనుంచి నాగశ్రీ ఇంగ్లీషు వినిపిస్తోంది, గడగడా, ఎక్కడా తడుముకోకుండా. ఇంత గొంతున్న మనిషేనా అనుకుంది తబిత.

“నిలబడిందండి.”

రాజుగారు టీ గ్లాసు కింద పెట్టారు. “మీ చుక్కల్ని నమ్మి తొమ్మిదిసార్లు చెడ్డాం. పెట్టె సంగతి నేనే చూస్తాను,” అని మెట్లెక్కారు.

తొమ్మిదో నిమిషంలో మాట ఆగిపోయింది.

“పోయింది!” పైనుంచి రాజుగారి కేక.

తబిత ఫోన్ వంక చూసింది. మూడు చుక్కలూ పచ్చగానే ఉన్నాయి.

పావుగంటకి నాగశ్రీ కిందికొచ్చి ఫోన్ మామగారి చేతికిచ్చింది. కంపెనీ లాప్‌టాప్ కొరియర్‌లో పంపేయమని మేనేజరు మెసేజీ. రాజుగారు చదివి తిరిగిచ్చేశారు.

“ఒకరి ఉద్యోగం తీసేశావమ్మా,” అన్నారు తబితతో. “నీది మాత్రం ఎందుకుండాలి?”

వరండాలోకి వెళ్ళి ఆమె ఆఫీసుకి ఫోన్ చేశారు. పేరు, ఊరు, వచ్చిన టైము, అన్నీ గట్టిగా చెబుతున్నారు. క్షమాపణ చెబితే కుదరదంటున్నారు.

తబిత వైర్లు చుట్టుకుంటుంటే నాగశ్రీ కాఫీ తెచ్చి పక్కన పెట్టింది.

“నాగశ్రీగారూ, నెట్ పోలేదు,” అంది తబిత మెల్లిగా. “మీరే లాప్‌టాప్ మూసేశారు. నాకు తెలిసిపోయింది. ఎందుకండి?”

నాగశ్రీ వరండా వైపు చూసి గొంతు తగ్గించింది.

“కెమెరాలో అందరూ చూస్తుండగా ఎలా లేచి నిలబడనండి? గదిలోకి మావయ్యగారొస్తే నేను కూర్చోకూడదు కదండీ.”