దుప్పి తిన్న ఎర్ర దుంప

ఒక అడవిలో గండడనే అడవిదున్న ఉండేవాడు. వాడి మెడా భుజాలూ చూసి చెంగడనే దుప్పికి ఒకటే అసూయ.

"అన్నా, ఏం తింటే వచ్చాయి ఆ కండలు?" అని అడిగాడు.

"వాగు ఒడ్డున దొరికే ఎర్ర దుంప," అన్నాడు గండడు గర్వంగా.

చెంగడు గడ్డి మానేసి దుంపల మీద పడ్డాడు. కొన్నాళ్లకి మొహం ఉబ్బింది, పొట్ట వేలాడింది, కాస్త నడిస్తే చాలు గుండె దడదడలాడింది. భుజాలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

ఇంతలో ఒకనాడు రేచుకుక్కలు తరిమాయి. మునుపైతే గంతులేస్తూ మాయమయ్యేవాడు. ఇప్పుడు కాళ్లు లేవలేదు. గండడి తల్లి కొమ్ములు దించి అడ్డం నిలబడబట్టి బతికిపోయాడు.

"పెద్దమ్మా, నేనూ అవే దుంపలు తిన్నాను. నాకెందుకు రాలేదు కండలు?" అన్నాడు రొప్పుతూ.

ఆమె వెనకే వచ్చిన కొడుకు వైపు కోపంగా చూసింది. "వీడు దుంప రుచి చూసింది మొన్న వానాకాలంలో. అప్పటికే వాళ్ల నాన్న భుజాలు వీడికొచ్చేశాయి. దుంప వాటిని ఇంకాస్త పెంచిందంతే. ఆ గుండెదడ వీడికీ ఉంది, బయటికి చెప్పడు."

గండడు తల దించుకున్నాడు.

"నిద్ర కూడా పట్టట్లేదు తమ్ముడూ," అన్నాడు మెల్లగా.